‘ప్రభ’ ఫాంటు డైరీ: లావు అక్షరం కోసం ఏడు నెలలు

జూన్ 22

వానలు ముదరకముందే అటక మీది పెట్టె దించేశాను. ఈ ఏడాది కూడా అక్కడే ఉంటే చెద మిగలనివ్వదు. నాన్నగారి ట్రెడిల్ ప్రెస్సు (కాలితో తొక్కే అచ్చుయంత్రం) మూసేసి ఇరవై ఏళ్లు దాటింది. సీసం టైపంతా అప్పుడే కిలోల లెక్కన పోయింది. చెక్క అక్షరాలు కరిగించడానికి పనికిరావు కాబట్టి ఎవరూ పట్టుకెళ్లలేదు. నాటకాల వాల్‌పోస్టర్లకీ, తీర్థాల కరపత్రాల్లో పై లైనుకీ వాడినవి ఇవి. ఒక్కోటీ మూడంగుళాల ఎత్తు. లెక్కపెడితే అరవై ఒకటి తేలాయి. ప లు మూడు, ర లు నాలుగు, వ ఒకటే, క్రావడి (ర ఒత్తు) రెండు, ళ అసలు లేదు. కొన్నిటి అంచులు చీలాయి. కొన్నిటి మీద ఎర్ర సిరా ఇంకా అలాగే ఉంది.

వీటి నుంచి ఒక ఫాంటు చేయాలి. పాతకాలపు తీరులో మంచి బోల్డ్. పక్కన పెట్టడానికి ఇంగ్లీషు అక్షరాలు కూడా అంతే నిండుగా ఉండాలి. ఈ పంతం పట్టడానికి కారణం ఉంది.

అమలాపురంలో మాది ఫ్లెక్సీలు, శుభలేఖల షాపు. వచ్చిన ప్రతివాళ్లూ “కొంచెం లావుగా పెట్టండి, దూరానికి కనపడాలి” అంటారు. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం చుట్టూ అదే రంగు అవుట్‌లైన్ రెండో మూడో పాయింట్లు ఇచ్చి లావు చేసేస్తాం. నేను పదిహేనేళ్లుగా అలాగే చేస్తున్నాను. మొన్న ఏప్రిల్‌లో ఒక రేవుకి “పడవ రేవు దారి” అని బోర్డు చేసిచ్చాను. వారం తర్వాత అటు వెళ్తే, పొరుగూరాయన ఒకరు బోర్డు కింద నిలబడి “వడవ రేవంటే ఏ ఊరండీ?” అని అడుగుతున్నారు. తలెత్తి చూశాను. ఆయన సరిగ్గానే చదివారు. అక్కడున్నది వడవే.

ప పైన టిక్కులా ఉండే తలకట్టు అక్షరం ఒంటికి అంటదు. ఘ, ఫ, ష, స, హ లకి కూడా అంతే. వ కి మాత్రం తలకట్టు అతుక్కునే ఉంటుంది. పైగా వ ఎడమ పక్క మూసుకుంటుంది, ప తెరుచుకుని ఉంటుంది. నేనిచ్చిన అవుట్‌లైన్ బయటికి ఎంత పెరిగిందో లోపలికీ అంతే పెరిగి, తలకట్టు కింద సందునీ ఎడమ పక్క తెరపినీ కలిపి పూడ్చేసింది. అక్షరాల మీద తిండి తినేవాణ్ని, చిన్నపిల్లలకి కూడా వచ్చిన మాటని చదవకుండా చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జూలై 5

చెక్క అక్షరాలకి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, రోలరుతో పల్చగా సిరా రాసి, కాగితం పరిచి చెంచా వెనక వైపుతో రుద్ది అచ్చులు తీశాను. ఒక్కో అక్షరానికి మూడేసి. బాగా వచ్చినదాన్ని స్కాన్ చేశాను.

ముందు ప నే కొలిచాను. గీత లావుగా ఉన్నచోట 11 మిల్లీమీటర్లు. రెండు వంపులు కలిసే మూలలో 6. తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు 5. అంటే చెక్కినాయన గీతని అన్నిచోట్లా ఒకేలా లావు చేయలేదు. వంపులు కలిసే చోట లోపలి నుంచి గీసి తీసేశాడు. పక్కకి చూస్తే అక్షరం మామూలు కంటే బాగా వెడల్పు. ఎత్తు పెంచడానికి వీల్లేదు కాబట్టి లావంతా వెడల్పులోకి నెట్టాడు.

ఈ అచ్చులు పట్టుకుని సాయంత్రం పేరూరు వెళ్లాను. మా ప్రెస్సులో ముప్పై ఏళ్లు కంపోజింగ్ చేసిన బాబాయిగారు అక్కడే ఉంటారు. సొంత బాబాయి కాదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు. కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టుకుని చూశారు.

“ఆయ్, ఇది మన పెద్ద ప అండి. దీని గది చూశారా అబ్బాయిగారూ, ఎంత ఖాళీగా ఉందో? ట్రెడిల్ మీద సిరా ఎక్కువైనా పూడుకునేది కాదండి ఇది. కొత్తగా తెప్పించిన టైపు వారానికే మూసుకుపోయేది.”

అక్షరం లోపలి తెలుపుని ఆయన గది అంటారు. మిగతా కంపోజిటర్లు ఏమనేవారో గానీ, నాకు ఇక ఆ మాటే ఉండిపోయింది. ఇకపై డైరీలో గది అంటే అదే.

జూలై 19

మూడు రోజులుగా షాపు తెరవలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. లంకల్లోకి నీళ్లొచ్చేశాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. కంప్యూటర్ జోలికి పోకుండా గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీస్తున్నాను. ఒక విధంగా ఇదే నయమైంది, మౌసుతో కంటే చేత్తో వంపు త్వరగా దారికొస్తోంది.

ఫోనులో దింపి పెట్టుకున్న పుస్తకాల్లో ఇంగ్లీషు బోల్డ్ పుట్టుక చదివాను. మనం మీట నొక్కితే వచ్చే ఈ బోల్డ్ అచ్చుయంత్రంతో పాటే పుట్టింది కాదు. మూడున్నర శతాబ్దాలు పుస్తకాల్లో అది లేదు. నొక్కి చెప్పాలంటే ఇటాలిక్కో, పెద్ద సైజో వాడేవారు. 1800 దాటాక లండన్‌లో లాటరీ పోస్టర్ల కోసం బాగా లావైన అక్షరాలు వచ్చాయి. వాటిలో నిలువు గీతలు దుంగల్లా ఉంటాయి, అడ్డగీతలు వెంట్రుకల్లా ఉంటాయి. పోస్టరుకి సరే, పుస్తకంలో లైను మధ్య పెడితే చదవలేం. 1845లో లండన్‌లో అచ్చక్షరాలు పోసే ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీకి చెందిన రాబర్ట్ బెస్లీ క్లారెండన్ అనే టైపుని రిజిస్టర్ చేయించాడు. దాని పోతకి కావలసిన ఉక్కు అచ్చులు చెక్కింది బెంజమిన్ ఫాక్స్. మామూలు అక్షరాల లైనులోనే ఒక్క మాటని లావుగా చూపించడం కోసం చేసిన బోల్డ్ అది. నిఘంటువుల్లో తల మాటలకి సరిగ్గా సరిపోయింది. దాని మీద హక్కు మూడేళ్లే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ అలాంటివి పోసేశాయి.

క్లారెండన్ బొమ్మ చూడగానే మా పెట్టెలోని అక్షరాలు గుర్తొచ్చాయి. ఎందుకో వెంటనే తట్టలేదు.

ఆగస్టు 10

ఇప్పుడు తెలిసింది. చివరలు.

ఇంగ్లీషు అక్షరం కాళ్ల దగ్గరా తల దగ్గరా ఉండే చిన్న పాదాల్ని సెరిఫ్ అంటారు. క్లారెండన్‌లో ఆ పాదం నిలువు గీతకి ఒక వంపుతో అతుక్కుంటుంది, చెట్టు మొదలు నేలలోకి దిగినట్టు. చిన్న ‘ఏ’, ‘సీ’, ‘ఆర్’ అక్షరాల కొసన గుండ్రటి బంతి ఉంటుంది. మన తెలుగు అక్షరం కూడా కొసకి వచ్చేసరికి తిరిగి గుండ్రంగా ఆగుతుంది. పైగా లావు గీతకీ సన్న గీతకీ తేడా రెండిటిలోనూ తక్కువే. అందుకే పక్కపక్కన పెడితే ఒకే చేతి పనిలా ఉన్నాయి.

ముందు టైమ్స్ బోల్డ్ పెట్టి చూశాను, అందరి దగ్గరా ఉండేది అదే కాబట్టి. లండన్ దినపత్రిక కోసం 1932లో వచ్చిన టైపు. దినపత్రికలో చోటు కలిసిరావాలి కాబట్టి ఇరుగ్గా ఉంటుంది, సన్నగీతలు మరీ సన్నం. తెలుగు పక్కన పెడితే ఇంగ్లీషు ఉపవాసం ఉన్నట్టు కనిపిస్తోంది. దుంగల్లాంటి నిలువు గీతలు, వెంట్రుకల్లాంటి అడ్డగీతలు ఉండే బొడోని బాపతు లావు అక్షరాలు అయితే ఇంకా దూరం. కూపర్ బ్లాక్ దగ్గరగా వచ్చింది. 1922లో షికాగోలో ఆస్వాల్డ్ కూపర్ గీసిన టైపు, సెరిఫ్‌లన్నీ మెత్తగా గుండ్రంగా ఉంటాయి. మిఠాయి దుకాణం బోర్డుకి నేను అదే ఎంచుకుంటాను. శుభలేఖకీ, గుడి బోర్డుకీ మాత్రం కొంచెం నిలకడ కావాలి. కాబట్టి క్లారెండన్ దారి.

కొలతలు ఖాయం చేశాను. అక్షరం గీసే మొత్తం చదరం ఎత్తుని 1000 పాళ్లు అనుకుంటే మిగతావన్నీ ఆ లెక్కలోనే. తెలుగు అక్షరం ఒళ్లు 560, ఇంగ్లీషు చిన్నక్షరం 530, పెద్దక్షరం 670. ఇంగ్లీషు పెద్దక్షరాన్ని మామూలు ఎత్తులో ఉంచితే తెలుగు మరుగుజ్జులా కనిపిస్తుంది. మన బోర్డుల మీద జరిగే అన్యాయాల్లో ఇదొకటి. తెలుగు ఊళ్లో తెలుగు పేరు కింద ఇంగ్లీషు పేరు పొడుగ్గా నిలబడటం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అంకెలు అన్నీ ఒకే వెడల్పులో గీశాను. ఫ్లెక్సీలో సగం చోటు ఫోన్ నంబర్లదే. తెలుగు అంకెలు కూడా గీశాను. ఇప్పటివరకు ఒక్కరూ అడగలేదు, అయినా ఉండాలి.

సెప్టెంబర్ 14

ఈ నెలంతా ఒత్తులు.

వీటి గురించి కాస్త ఎక్కువే రాసుకుంటాను, కష్టపడింది ఇక్కడే. తెలుగు అక్షరానికి కిందంతస్తు ఉంది. ఇంగ్లీషు బోల్డ్ గీసేవాళ్లకి ఈ బాధ లేదు. ఒత్తుని చిన్నది చేస్తే గీత సన్నమై పై అక్షరం పక్కన వెలిసిపోయినట్టు ఉంటుంది. పై అక్షరమంత లావు చేస్తే ఒత్తులో గది మిగలదు. ఠ ఒత్తులో చుక్క, థ ఒత్తులో చుక్క నల్లటి ముద్దలైపోయాయి. చివరికి ఒత్తు గీతని పై గీతలో 78 శాతం దగ్గర ఆపాను. చుక్క ఉన్న ఒత్తులకి 70. కంటికి సమానంగా ఆనుతోంది.

ద, ధ ల మధ్య తేడా కింద వేలాడే చిన్న నిలువు గీతే. డ, ఢ లకీ ప, ఫ లకీ అంతే. బోల్డ్‌లో ఆ గీత ఒంటిలో కలిసిపోతే “ధర” కాస్తా “దర” అవుతుంది. మా షాపు బోర్డుల్లో ఎక్కువ సార్లు వచ్చే మాటల్లో “ధర” ఒకటి! ఆ గీతని కొంచెం పొడుగు చేసి, అతుక్కునే చోట రెండు పక్కలా చిన్న గంటు పెట్టాను. ఇలాంటి గంట్లని ఇంకు ట్రాప్ అంటారు. 1978లో మ్యాథ్యూ కార్టర్ అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం బెల్ సెంటెనియల్ గీసినప్పుడు మూలల్లో లోతుగా గంట్లు పెట్టాడు. నాసి కాగితం మీద సిరా పాకి ఆ గంట్లని నింపేస్తే అక్షరం సరైన ఆకారానికి వస్తుంది. మా చెక్క ప లో మూలన 6 మిల్లీమీటర్లకి గీసి తీసేసిన పని కూడా ఇదే. ఆ చెక్కినాయన పేరు పెట్టె మీద ఎక్కడా లేదు. రోజూ ఆయన పనిని కొలుస్తూ కూర్చున్నాను, పేరు తెలిసుంటే బాగుండేది.

ఇక కంప్యూటర్ సంగతి. “రాష్ట్రం” అనే మాట మనకి రెండక్షరాలు, ఒక సున్న. కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టిక యూనికోడ్ లెక్కలో ఎనిమిది గుర్తులు: ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. పొల్లూ ట కలిస్తే ట ఒత్తు, పొల్లూ ర కలిస్తే క్రావడి అని ఫాంటులో సూత్రాలు రాసి పెట్టాలి. ఫాంట్‌ఫోర్జ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పని చేస్తున్నాను. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించింది 128 స్థానాలే, నేను గీసిన ఆకారాలు ఇప్పటికి 540 దాటాయి. గుడి, ఏత్వం, ఓత్వం తగిలినప్పుడల్లా చాలా అక్షరాల తల మారుతుంది, బోల్డ్‌లో ఆ అతుకుని ప్రతిసారీ విడిగా సరిచేయాలి.

మొదటి ప్రింటులో “రాష్ట్రం” కింద క్రావడి సగం తెగిపోయింది. లైనుకి ఇచ్చిన కింది హద్దు చాలలేదు. ఆ హద్దు 260 నుంచి 410కి దించాను. లైన్ల మధ్య ఎడం పెరిగింది, పెరగనీ. తెలుగుకి ఆ ఎడం కావాలి.

అక్టోబర్ 12

దసరా ఆర్డర్ల మధ్య పది రోజులు ఫాంటు ముట్టుకోలేదు. ఈలోగా అంబాజీపేట నుంచి ఒక కొబ్బరి వ్యాపారి వచ్చారు. బస్తాల మీద పేరు వేయడానికి రేకు కావాలి. రేకులో అక్షరాన్ని కోసేస్తారు, మీద బ్రష్షుతో రంగు కొడితే బస్తా మీద పడుతుంది.

‘ప్రభ’తోనే కోయించాను. సున్న కోయగానే మధ్య ముక్క ఊడి కింద పడింది. ర దీ అంతే. తెలుగంతా గుండ్రాలే, గుండ్రం మధ్యలోది పట్టుకునే ఆధారం ఉండదు కదా. ప్రతి గదికీ ఒక సన్నటి వంతెన పెట్టాలి. ఎక్కడ పడితే అక్కడ పెడితే అక్షరం విరిగినట్టు ఉంటుంది. గీత సహజంగా సన్నబడే చోటు చూసి అక్కడ పెట్టాను. సున్నకి మాత్రం పైనా కిందా రెండు. నాలుగు రోజుల్లో రేకు రకం విడిగా తయారైంది. ‘ప్రభ రేకు’ అని పేరు పెట్టాను. అవసరం తీరిన మొదటి పని ఇది, సంతోషం దాచుకోలేకపోయాను. బస్తాలు లారీకి ఎక్కిస్తుంటే ఫోటో తీసి నాన్నగారికి చూపించాను. చాలాసేపు చూసి, “కొ బాగుంది, బ్బ కింద ఒత్తు ఇంకొంచెం కుడికి జరపరా” అన్నారు. జరిపాను. ఆయనన్నదే కరెక్టు.

నవంబర్ 23

కార్తీకమాసం కదా అని ఇంట్లోవాళ్లని ద్రాక్షారామం తీసుకెళ్లాను. గుడి రాతి మీద శాసనాలు చూస్తూ ఉండిపోయాను, పిల్లలు రెండుసార్లు వచ్చి పిలిచారు. తలకట్టు అక్కడ చిన్న ఉలిదెబ్బ, అంతే. ఎంత చిన్నగా ఉన్నా ఒంటికి విడిగా తెలుస్తోంది.

డిసెంబర్ 14

అంతర్వేది వైపు పడవలకి పేర్లు రాసే పెయింటర్ ఒకాయన్ని కలిశాను. ఫాంటు ఆయనకి అక్కర్లేదు, చెయ్యి తిరిగినాయన. అయినా ఒక పడవకి నా అక్షరాలు పెట్టి చూద్దామని అడిగితే ఒప్పుకున్నారు. పెద్ద కాగితం మీద ప్రింటు తీసుకెళ్లాను. అక్షరం అంచుల వెంట సూదితో చిల్లులు పొడిచి, కాగితాన్ని చెక్కకి ఆనించి, గుడ్డ మూటలో కట్టిన రంగుపొడి అద్దారు. కాగితం తీస్తే చెక్క మీద చుక్కల గీత. దాని లోపల ఎనామెల్ నింపుకుంటూ వెళ్లారు.

ధ దగ్గర ఆగారు.

“ఈ గంట్లు ఎందుకండీ? బ్రష్షు అందులోకి దూరదండి. పూడ్చేస్తాను.”

“పూడ్చేయండి” అన్నాను. గంటు సిరా పాకే చోట కావాలి. చేత్తో నింపేటప్పుడు గీత ఎక్కడ ఆగాలో ఆయనకే తెలుసు. ఇంటికొచ్చి ఆ గంట్లు లేని రకం కూడా చేశాను, ఇంచు దాటిన సైజులన్నిటికీ అదే వాడాలని నోట్‌లో రాసుకున్నాను. అంత పెద్ద ఫ్లెక్సీలో కూడా గంట్లు బయటికి కనపడిపోతున్నాయి, నేను ముందే గమనించాల్సింది.

రేవు బోర్డు కూడా ఈ వారమే మార్చాను. డబ్బులు తీసుకోలేదు. “పడవ” లో ప తలకట్టు కింద సందు ఇప్పుడు రోడ్డు అవతలి నుంచి చూసినా తెల్లగా కనిపిస్తోంది.

జనవరి 17

నిన్న కనుమ. జగ్గన్నతోట తీర్థానికి పదకొండు ఊళ్ల రుద్రుల ప్రభలు వస్తాయి. ఫాంటుకి ఆ పేరు పెట్టింది వీటిని చూసే. వెదురు, రంగుగుడ్డలతో కట్టిన ఎత్తయిన ప్రభని భుజాల మీద ఎత్తుకుని చేలగట్ల మీదుగా, కౌశిక నది నీళ్లలోంచి దాటిస్తారు. చిన్నప్పుడు నాన్నగారి భుజం మీద కూర్చుని చూసేవాణ్ని. ఆ దారి పక్కన కట్టడానికి కొంతమంది కుర్రాళ్లు బ్యానరు అడిగితే ‘ప్రభ’తో చేసిచ్చాను. “ప్రభల తీర్థానికి స్వాగతం”, ఇరవై అడుగుల గుడ్డ, స్క్రీన్ ప్రింటు.

బాబాయిగారిని కారులో తీసుకెళ్లాను. వరి చేను అవతలి గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. జనం అరుపులు, డప్పులు. ఆయన ప్రభలు చూస్తున్నారు, నేను బ్యానరు చూస్తున్నాను.

“భ బాగా వచ్చిందండి అబ్బాయిగారూ. ల కూడానూ. ఆ మొదటిదే... ప ఒక్కటే కనపడతంది నాకు. క్రావడేదండి?”

దగ్గరికెళ్లి చూస్తే క్రావడి ఉంది. ప కిందనుంచి ఎడమ పక్కకి తిరిగి పైకి లేచే ఆ కొస, గుడ్డ అంచు కుట్టులోకి వెళ్లిపోయింది. కుట్టినవాళ్ల పొరపాటు కాదు. ఎడమ పక్క నేను వదిలిన చోటు 20 పాళ్లే. లైను మొదట్లో ఏ అక్షరానికి క్రావడి వచ్చినా ఇదే గొడవ. బోల్డ్ కదా అని కొసని ఇంకాస్త బయటికి లాగింది కూడా నేనే.

పెట్టెలోంచి చెక్క క్రావడులు రెండూ మళ్లీ బయటికి తీశాను. వాటి కొస నేను గీసినంత పైకి లేవదు. ప కడుపు మొదలయ్యే చోటికే వచ్చి, బంతిలా ఆగిపోతుంది. ఎడమకి జరగకుండా కిందికి పొడుగ్గా సాగుతుంది. స్కాన్ చేసిన రోజున ఇది అరిగిపోయిన ముక్క అనుకుని పక్కన పెట్టాను. భూతద్దంతో చూస్తే కొస నున్నగా ఉంది, అరిగిన చెక్కలా లేదు. అలా చెక్కిందే.

క్ర, గ్ర, త్ర, ద్ర, ప్ర, బ్ర, మ్ర, వ్ర, శ్ర, హ్ర. ఈ పదీ ముందు మార్చాలి. శ్రీ విడిగా గీసింది కాబట్టి దాన్ని ఆఖర్న చూస్తాను. మాఘం ముహూర్తాలు మొదలయ్యేలోపు శుభలేఖలకి శ్రీ సిద్ధంగా ఉండాలి.